గడ్డానికీ ఛాతీకీ మధ్య

జూన్ 2

తగవులమ్మా,

ఇక్కడ నా మెడ తప్ప అందరం క్షేమం. అక్కడ నీ నోరు క్షేమంగానే ఉండి ఉంటుందని మీ అత్త నమ్మకం.

ఫోన్లో తేలిపోయే సంగతికి ఉత్తరమెందుకంటావేమో. ఇరవై ఆరేళ్ళు రేకుడబ్బాల ఫ్యాక్టరీలో నానిన చెవులు ఇవి. నువ్వనేది నాకు వినపడదు, నేనరిచేది మీ హాస్టలంతటికీ వినపడుతుంది. కాగితమే మర్యాద.

మూడు నెలల కింద ఒకరోజు పొద్దున లేచేసరికి మెడ బిగుసుకుపోయింది. అదే తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు. ఎవరు పిలిచినా ఒళ్ళంతా తిప్పి చూడాల్సి వస్తోంది. "నేను మొగుణ్ణి చేసుకున్నానా, బీరువానా?" అంటోంది మీ అత్త.

ఇంట్లో బీరువాలా ఉన్నా గడిచిపోతుంది. షెడ్డులోనే చిక్కు. మా మిషన్ల గోలలో మాటతో పని జరగదని నీకు తెలుసు కదా. ఎత్తు స్టూలు మీద కూర్చుని అంతా మెడతోనే చెబుతాను. తల ఇటూ అటూ తిప్పితే మూత సరిగా పడలేదు, తీసి మళ్ళీ పెట్టమని. కుడి చెవి భుజం వైపు వాలిస్తే మిషన్లకి నూనె పొయ్యమని. ఎడమ చెవి వాలిస్తే పక్కవాళ్ళతో చోటు మార్చుకోమని, ఒకే పని చేసి చేతులు పట్టేయకుండా. పైకి చూస్తే అన్నీ ఆపేయమని. గడ్డం కిందకి దించితే బాగుంది, నడపమని. ఈ ఐదు ముక్కలతోనే ఇరవై ఆరేళ్ళు నడిపాను. నా షెడ్డులో ఇంతవరకూ ఒక్కరి వేలు తెగలేదు.

ఈ మూడు నెలలూ ఎర్రగుడ్డ, పచ్చగుడ్డ పట్టుకుని నెట్టుకొస్తున్నాను. నిన్న మేనేజరు పిలిచి, "ఇదేమన్నా రైల్వే స్టేషనా?" అన్నాడు. జూలై 20న కంపెనీ డాక్టరు వచ్చి నన్ను స్టూలు మీదే కూర్చోబెట్టి మెడ పరీక్ష చేస్తాడట. నెగ్గితే స్టూలు. లేదంటే గోడౌనులో కాపలా కుర్చీ. అక్కడ ఉండేవి ఖాళీ డబ్బాలు. వాటికి వేళ్ళుండవు. వాటిని నేనేం కాపాడాలి?

ఎముక బాగానే ఉంది, కండరాలే బిగుసుకున్నాయి, కూర్చుని చేసే తేలిక వ్యాయామాలు చాలన్నాడు మొన్న నన్ను చూసిన ఆ డాక్టరే. ఒక బొమ్మల కాగితం కూడా ఇచ్చాడు. బొమ్మలకి కళ్ళూ ముక్కూ లేవు. ముఖం లేనివాడు ఎటు తిరిగాడో నాకెలా తెలుస్తుంది? నీ గదిలో ఆ ఫిజియోథెరపీ చదివే అమ్మాయి ఉంది కదా, కొంచెం అడిగి రాయి. నాకు ఆ స్టూలు కావాలమ్మా.

మీ మామయ్య

•

జూన్ 7

గౌరవనీయులైన మామయ్యకు,

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను: మొదట మేనకోడలిగా, తరువాత విమర్శకురాలిగా, చివరకు ప్రతిపక్షంగా. మూడు హోదాల్లోనూ నాకు ఒకే విషయం స్పష్టపడింది. అన్యాయం జరుగుతున్నది. ఇరవై ఆరేళ్ళ అనుభవాన్ని ఒక మెడ తిరిగే కోణంతో కొలవడం కొలమానానికే అవమానం.

నా గదిలోని అమ్మాయిని మేమంతా "వెన్నుపూస" అని పిలుస్తాము. ఆమె ముందు మూడు ప్రశ్నలు వేసింది. నొప్పి చేతిలోకి పాకుతున్నదా? వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా? తల తిరుగుతున్నదా? వీటిలో ఏ ఒక్కటున్నా వ్యాయామం మాని తిరిగి డాక్టరు దగ్గరకే వెళ్ళాలి. లేకుంటే మొదలుపెట్టవచ్చు.

వెన్నుపూస మొదట తల కిందకు దించే కదలికతో ఆరంభించాలన్నది. నేను వ్యతిరేకించాను. మామయ్యా, ఈ లోకంలో తల దించడం ఎవరూ ఎవరికీ నేర్పనవసరం లేదు. అది అడగకుండానే అందరికీ వస్తుంది. మేనేజరు ఎదుట, డాక్టరు ఎదుట, యజమాని ఎదుట మీరు చేయవలసిన మొదటి సాధన "కాదు" అనడం. నలభై నిమిషాల వాదన తరువాత ఆమె, "సరే, ఏదో ఒకటి చెయ్యనీ" అన్నది. దీనిని నేను అంగీకారంగా నమోదు చేసుకున్నాను.

విధానం ఇది. పాదాలు రెండూ సమంగా ఆనేటట్టు, వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా పెట్టి కూర్చోండి. తలను మెల్లగా కుడికి తిప్పండి. నొప్పి మొదలయ్యే చోటికి ముందే ఆగండి. రెండు ఊపిరులు. మధ్యకు రండి. తరువాత ఎడమకు. ఇట్లా పదిసార్లు. బలవంతం వద్దు, కుదుపు వద్దు, తలను గుండ్రంగా తిప్పడం అసలే వద్దు. ఇంతవరకు వెన్నుపూస మాట.

ఇకపైది నాది. పరీక్ష ఏ స్టూలు మీదనో సాధన కూడా ఆ స్టూలు మీదనే జరగాలి. పొద్దున పదకొండు గంటలకు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, అందరూ చూస్తుండగా. నవ్వేవాళ్ళు నవ్వుతారు కనుక కళ్ళు మూసుకోండి. మనం చూడని నవ్వుకు ఉనికి లేదు. ఎవరేమి చేసినా మధ్యలో ఆపవద్దు.

షెడ్డులోని సంజ్ఞల గురించి మీరు రాసిన పేరా ఆసక్తికరంగా ఉన్నది కాని, ప్రస్తుత వాదనకు అప్రస్తుతం. అందుచేత దానిని పక్కన పెట్టాను.

వంగని మెడతో,
మీ మేనకోడలు

•

జూన్ 17

తగవులమ్మా,

మెడ కదిలింది! స్టూలు మీంచి కుడివైపు ఏడు కిటికీలున్నాయి. మొదటిరోజు రెండో కిటికీ కూడా ఆనలేదు. నిన్న వ్యాయామం అయ్యాక కళ్ళు తెరిచి చూసుకుంటే నాలుగో కిటికీ, దాని మీద ఎవరో ఆరేసిన చేతిగుడ్డ, అన్నీ కనపడ్డాయి. నొప్పి చేతిలోకి రాలేదు, తిమ్మిరి లేదు. మీ వెన్నుపూసకి మా ఇద్దరి దీవెనలు. ఆ పిల్ల నీతో ఒకే గదిలో ఎలా వేగుతోందో అని మీ అత్త జాలిపడుతోంది.

నువ్వు చెప్పినట్టే పదకొండింటికీ మూడింటికీ గుడ్డలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చేస్తున్నాను. అయితే ఒక సంగతి మనసుకి కష్టంగా ఉంది, నీకు కాక ఎవరికి చెప్పుకోను?

మూతల బల్లల దగ్గర అరవైమంది ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళ పెద్ద మూతలక్క. నాకన్నా రెండేళ్ళు చిన్నది, నోరు మాత్రం పదేళ్ళు పెద్దది. నేను కళ్ళు తెరిచేసరికి అరవైమందీ ఆయాసపడుతూ వేళ్ళు నలుపుకుంటూ ఉంటారు. నన్ను కొరికేసేలా చూస్తారు. వాళ్ళ ముందు డబ్బాలు మాత్రం ఎక్కడివక్కడే. రోజూ ఆ రెండు పూటలా ఇదే తంతు. నిన్న నేను పచ్చగుడ్డ ఊపితే మూతలక్క రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. వెటకారంగా!

ఎలాగూ గోడౌనుకి పోయే మనిషి కదా అని పని నెమ్మది చేశారేమో. ఆరిపోయే దీపానికి ఎవరు నూనె పోస్తారు? అంతేలే. కానీ వీళ్ళలో సగంమందికి పని నేర్పింది నేనే.

ఈ ముక్క మీ అత్తకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

మీ మామయ్య

•

జూన్ 22

గౌరవనీయులైన మామయ్యకు,

నాలుగో కిటికీకి అభినందనలు. ఇక అసలు విషయం.

మీరు దుఃఖిస్తున్నారు, నేను ఉప్పొంగుతున్నాను. రోజుకు రెండుసార్లు, నియమిత వేళల్లో, అరవైమంది ఒకేసారి పని నిలిపివేసి యజమాని తరఫు మనిషిని సూటిగా చూస్తున్నారంటే దానిని మా పుస్తకాల్లో ఏమంటారో మీకు తెలుసా? నిరసన. అదీ ఎంత క్రమశిక్షణ గల నిరసన! ఆ జోడించిన చేతులు వెటకారం కాదు మామయ్యా, విజ్ఞాపన. వాళ్ళ కోపం మీ మీద కాదు. మీ స్టూలు మీద.

వాళ్ళకు నా సంఘీభావాన్ని తెలుపుతూ ఒక పేజీ జతపరుస్తున్నాను. "సోదరీమణులారా, మీ మూతల కింద మూలుగుతున్న సత్యాన్ని నేను విన్నాను" అని మొదలవుతుంది. నీళ్ళకుళాయి దగ్గర, అందరికీ కనిపించే ఎత్తున అతికించండి.

వెన్నుపూస ఇచ్చిన రెండో పాఠం: కూర్చునే పద్ధతి అదే. కుడి చెవిని కుడి భుజం వైపు వాల్చండి. చెవి దిగాలి తప్ప భుజం పైకి లేవకూడదు. రెండు ఊపిరులు, మధ్యకు. తరువాత ఎడమ. ఒక్కో వైపు ఐదుసార్లు. పాతదీ కొనసాగాలి. పైకి చూడటానికి తొందరపడవద్దన్నది, అది ఇంకా మెత్తబడ్డాక. తల దించడం గురించి మళ్ళీ గొణిగింది. "ఆయన గడ్డం దించకపోతే మెడ వెనకాల కండరాలు ఎప్పుడు సాగుతాయి? నీ సిద్ధాంతం సాగదీస్తుందా వాటిని?" అని అడిగింది. ప్రశ్నను సభ అనుమతించలేదు.

కళ్ళు మాత్రం తెరవకండి. కదలిక మీద మనసు నిలవడానికి అది అవసరం. వెన్నుపూస అనవసరమంటున్నది, కాని ఆమెకు మనసు గురించి పాఠ్యాంశం లేదు.

పోరాటాభివందనాలతో,
మీ మేనకోడలు

•

జూలై 1

తగవులమ్మా,

మూలిగే నక్క మీద తాటిపండు పడింది. వరసగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

కొత్త పాఠం మొదలెట్టిన రోజు కళ్ళు తెరిచి చూస్తే షెడ్డంతా జిడ్డు. మిషన్లు తల స్నానం చేసినట్టు కారుతున్నాయి. నూనె పోసే మనిషి, ఆయన్ని మేం నూనెడబ్బా అనే పిలుస్తాం, గోడకి చేరగిలబడి గుండె పట్టుకుని రొప్పుతున్నాడు. పన్నెండు మిషన్లు, ఒక్కోదానికి ఐదు విడతలు పోశాడట. ఇక బల్లల దగ్గర ఎవరూ వాళ్ళ చోట లేరు. మూతలక్క ఎప్పుడూ కూర్చునేది మొదటి బల్ల. ఆవిడ ఎక్కడో ఆరో చోట ఇంకొకరి చెప్పులేసుకుని కూర్చుంది. రోజుకి రెండుసార్లు ఇలా చోట్లు మారిపోతున్నారు. నన్ను ఆటపట్టించడానికి ఇంత కష్టపడాలా?

నీ కాగితం కుళాయి దగ్గర అతికించాను. అక్కడైతే గోల తక్కువ, మాట వినపడుతుంది. మూతలక్క చదివి నా దగ్గరికొచ్చింది.

"మీ మేనకోడలికి మతుందా అన్నా? మేం సమ్మె చేస్తున్నామట! ఎవరి మీద?"

"మరి మీరు చేసేదేంటి?" అన్నాను.

"మీరు చెప్పిందే చేస్తున్నాం గదా! మూణ్ణెల్లు పలక్కుండా కూర్చుని ఇప్పుడు ఒకేసారి కసి తీర్చుకుంటున్నారు. నా వేళ్ళు చూడండి, ఎలా వాచాయో."

"నేనేం చెప్పానమ్మా? నోరే విప్పలేదు గదా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "బాగుంది వరస," అని నవ్వింది. ఈలోగా గంట కొట్టారు, వెళ్ళిపోయింది. నాకేం అర్థం కాలేదు. నీకేమన్నా అయితే చెప్పు.

అసలు చిత్రం ఇప్పుడు రాస్తున్నాను. మా డబ్బాలు కొనేవాళ్ళు ఉత్తరం రాశారు. ఇన్నేళ్ళలో మొదటిసారి మీ డబ్బా మూత చాకు లేకుండా, గోరు విరక్కుండా వచ్చింది, ఏం చేశారు అని. మేనేజరు ఆ ఉత్తరం పట్టుకుని షెడ్డులోకి వచ్చి, ఈ కొత్త పద్ధతి ఎవరిదని సైగతో అడిగాడు. అరవైమందీ నన్ను చూపించారు. మేనేజరు నన్ను చూసి నవ్వాడు. ఆయన నవ్వితే ఎవరికో మూడినట్టే. సాయంత్రం కబురు చేశాడు, పరీక్ష జూలై 6కి జరిపారు, యజమాని కూడా వస్తున్నాడని. గుడ్డలు అప్పగించి కూర్చోవాలట.

కుడివైపు ఆరో కిటికీ కనపడుతోంది. ఎడమవైపు తలుపు కనపడుతోంది. కానీ డాక్టరు కాగితం మళ్ళీ తీసి చూశాను, మొదటి బొమ్మే తల దించేది. మన పాఠం అక్కడికి ఎప్పుడొస్తుంది? తల దించడం తప్పని నువ్వంటావు. నా ఉద్యోగంలో ఆ ఒక్కటీ లేకపోతే ఏ డబ్బా ముందుకి కదలదమ్మా.

మీ మామయ్య

•

జూలై 4

మామయ్యా,

ఇది చేరిన వెంటనే చదవండి. చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టండి.

మీ ఉత్తరాన్ని నేను వెన్నుపూసకు పైకి చదివి వినిపిస్తున్నాను, ఆ స్త్రీల ఎత్తుగడలను మెచ్చుకుంటూ. మూతలక్కగారి మాట దగ్గరకు వచ్చేసరికి ఆమె, "ఆగు. ఆయన మొదటి ఉత్తరం ఇటు తే" అన్నది. తెచ్చాను. నాలుగో పేరా మీద వేలు పెట్టింది. పైకి చదవమన్నది. చదివాను. మంచం మీద పడి నవ్వింది. నీళ్ళు ఇచ్చి లేపవలసి వచ్చింది.

మామయ్యా, మీ మనుషులు మిమ్మల్ని ఎగతాళి చేయడం లేదు. నిరసన కూడా లేదు. మూడు నెలల తరువాత మీ మెడ కదిలింది. అది ఏమి చెబితే అది చేస్తున్నారు. పదిసార్లు మూత తీయమన్నారు, తీశారు. ఐదుసార్లు నూనె పోయమన్నారు, పోశారు. ఐదుసార్లు చోటు మారమన్నారు, మారారు. మీరు కళ్ళు మూసుకుని ఉన్నారు, ఎందుకంటే నేను మూసుకోమన్నాను. మీకు ఎదురు తిరగడం మాట పక్కన పెట్టండి, వాళ్ళు నొచ్చుకుంటూ కూడా మీ మాట జవదాటలేదు.

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివానని రాశాను. నాలుగోసారి, ఏ హోదా లేకుండా చదివి ఉండవలసింది. ఆ పేరా అప్రస్తుతమన్న నా వాక్యాన్ని బేషరతుగా ఉపసంహరించుకుంటున్నాను. సంఘీభావ పత్రాన్ని కుళాయి దగ్గరనుంచి చింపేయండి.

పరీక్షకు ముందే అందరికీ చెప్పండి: ఇది డాక్టరు కోసం తిప్పుతున్న మెడ, మీ కోసం కాదని. సాధన ఇంట్లో కుర్చీలో చేయండి. కళ్ళు తెరిచి చేయండి.

ఇక తల దించడం. నిటారుగా కూర్చుని, ఊపిరి వదులుతూ, గడ్డాన్ని మెల్లగా ఛాతీ వైపు దించాలి. చేత్తో నొక్కకూడదు. ఎంత దిగితే అంత. ఐదుసార్లు. నెల కిందటే చెప్పవలసింది. రెండు రోజుల్లో మెడ ఎంతని సాగుతుంది? నా సిద్ధాంతానికి మీ స్టూలు బలి అయితే, ఏ వేదిక మీద నిలబడి నేను ఏమి వాదించగలను?

మీ మేనకోడలు

•

జూలై 7

తగవులమ్మా,

నిన్న పరీక్ష అయింది. నీ దగ్గరనుంచి ఉత్తరం ఇంకా రాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరు నా స్టూలు పక్కనే చిన్న నిచ్చెన వేసుకుని, కోణాలు కొలిచే పరికరం నా చెవికి ఆనించి కూర్చున్నాడు. కింద మేనేజరు, యజమాని కుర్చీలేసుకుని కూర్చున్నారు. గోలలో వినపడదని డాక్టరే అట్టముక్కల మీద రాసుకొచ్చి ఒక్కోటీ చూపిస్తాడన్నమాట. అట్టలు చదవాలి కాబట్టి, నీ మాట దాటి కళ్ళు తెరిచే ఉంచాను. తప్పలేదు.

మొదటి అట్ట: కుడికి, ఎడమకి. తిప్పాను. అరవై మూతలు ఒక్కసారిగా లేచి మళ్ళీ పడ్డాయి.

అప్పుడు వెలిగిందమ్మా నాకు. నెలరోజులుగా నేనేం చేస్తున్నానో, వాళ్ళేం చేస్తున్నారో, అంతా ఒక్క తిప్పుతో. స్టూలు మీంచి పడబోయి డాక్టరు గడ్డం పట్టుకున్నాను. ఆయన దాన్ని కూడా ఏదో రాసుకున్నాడు.

రెండో అట్ట: కుడి చెవి. చేయకపోతే గోడౌను, చేస్తే నూనె. చేశాను. నూనెడబ్బా నావైపు చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను. అయినా పరిగెత్తాడు. మూడో అట్ట: ఎడమ చెవి. అరవైమందీ లేచి చోట్లు మారారు. యజమాని చప్పట్లు కొడుతున్నాడు, ఇదంతా తన కోసం పెట్టిన ప్రదర్శన అనుకుని.

నాలుగో అట్ట: పైకి.

అది ఇరవై ఆరేళ్ళలో రెండేసార్లు చేసిన సైగ. కొంచెమే ఎత్తాను. చాలింది. పన్నెండు మిషన్లూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి.

ఏం నిశ్శబ్దమమ్మా అది! నా చెవులకి కూడా వినపడింది. నూనె చుక్క రేకు మీద పడటం వినపడింది. రెండో బల్ల దగ్గర ఎవరో పాడుతున్నారు, సన్నగా, చక్కగా. మూతలక్క. పధ్నాలుగేళ్ళుగా పని చేస్తూ పాడుతూనే ఉందట. మిషన్లు ఆగాయని గమనించక ఇంకో చరణం కూడా పాడేసింది. చుట్టూ చూసి నాలుక కరుచుకుంది.

"ఆగిపోయాయేంటి?" అన్నాడు యజమాని. "నడపమను."

నడపాలంటే నేను తల దించాలి. ఐదో అట్ట కూడా అదే. ఆ ఒక్క పాఠమే కదా మనం చదవంది. గడ్డం అరంగుళం దిగి ఆగింది. మిషన్ల దగ్గరవాళ్ళు మీటల మీద చేతులేసుకుని నన్నే చూస్తున్నారు. అరంగుళానికి మీట నొక్కడం వాళ్ళకి నేను నేర్పలేదు. అటూ ఇటూ కాని సైగకి మిషను నడిపితేనే వేళ్ళు తెగేది.

డాక్టరు పెన్ను తీశాడు. కాగితం మీద గోడౌను కుర్చీ కనపడింది నాకు.

"కంగారొద్దన్నా," అంది మూతలక్క. అంత గొంతు ఎందుకో, ఆ నిశ్శబ్దంలో పైకప్పు రేకులు మోగాయి. "ఊపిరి వదులుతా దించండి. మేమూ దించుతాం."

అరవైమందీ గడ్డాలు దించారు. నూనెడబ్బా దించాడు. ఊపిరి వదిలాను. ఇంకొంచెం దిగింది. మళ్ళీ వదిలాను. మేనేజరు కూడా తనకి తెలీకుండా దించుతున్నాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను కానీ, యజమాని రెండుసార్లు గడియారం చూసుకున్నాడు, మూడోసారి చూసుకోలేదు. ఎందుకంటే ఆయన తల కూడా అప్పటికి కిందే ఉంది.

ఎవరి చెయ్యి ముందు కదిలిందో, పన్నెండు మిషన్లూ ఒకేసారి లేచాయి.

డాక్టరు నా గడ్డానికీ ఛాతీకీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచాడు. అట్ట తిప్పి రాసి చూపించాడు: "రెండు వేళ్ళ దూరం. చాలు. స్టూలు దిగవద్దు."

మీ మామయ్య

తా.క. కవరు అతికిస్తుంటే నీ ఉత్తరం వచ్చింది. ఇప్పుడు చదివాను. కళ్ళు తెరవమని ఇప్పుడు రాశావూ! పోనీలే. ఆ కాగితం మాత్రం చింపను. మూతలక్క దాన్ని తన అన్నం డబ్బా మూతకి అతికించుకుంది. "రాసింది తప్పే కానీ పిల్ల మనకోసమే రాసింది" అంటోంది.

•

జూలై 13

మామయ్యకు,

మీ ఉత్తరం చదివి నేను ఏడ్చానని వెన్నుపూస గది గదికీ చాటింది. దానిని నేను ఖండించడం లేదు.

ఇప్పుడు నా సంగతి. నిన్న కళాశాలల చర్చాపోటీ తుది ఘట్టం. నేనొక నివేదికను ఉటంకించి మాట్లాడాను, హాలు దద్దరిల్లింది. ప్రత్యర్థి, బక్కపలుచని కుర్రాడు, లేచి నిలబడి ఒకే మాట అన్నాడు: "మీరు చెప్పిన నివేదికలోనే మూడో పేజీ ఉంది. చదివారా?"

చదవలేదు. పక్కన పెట్టాను, అప్రస్తుతమని.

మునుపైతే మూడో పేజీకి అసలు ఉనికే లేదని పది నిమిషాలు నిరూపించి ఉండేదాన్ని. నిన్న మీరు గుర్తొచ్చారు. తల ఊపి "నిజమే" అనాలనుకున్నాను. "నిజమే" వచ్చింది. తల దిగలేదు! నాకేదో అయిందని సభాపతి మంచినీళ్ళు పంపారు.

గదికి వచ్చాక వెన్నుపూస నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కింద వేళ్ళు పెట్టి చూసింది. నాలుగు. మామయ్యా, మీ మెడకు యాభై మూడేళ్ళు, రెండు వేళ్ళు. నాది ఇరవై, నాలుగు వేళ్ళు. పుస్తకాల మీదకు గడ్డం ముందుకు చాచి కూర్చోవడం వల్లనని ఆమె నిర్ధారణ. కారణం పుస్తకాలు మాత్రమేనా అని నేను అడగలేదు; ఆమె చెప్పనూ లేదు.

పోటీ ఓడిపోయాను. ఆ కదలిక మీకు ఎలా వచ్చిందో రాయండి. ఆమె చెప్పినది నాకు తెలుసు. మీరు చెప్పినది కావాలి.

మీ మేనకోడలు

•

జూలై 19

తగవులమ్మా,

ఓడిపోయావని మీ అత్తకి చెబితే, "అమ్మయ్య, పిల్లకి ఒంట్లో బాగానే ఉంది" అంది.

ఇక్కడ కొత్త నియమం పెట్టారు. పదకొండింటికీ మూడింటికీ మిషన్లు ఆపి షెడ్డంతా కూర్చుని మెడ వ్యాయామం. మిషన్లు ఆగి ఉంటాయి కాబట్టి ఎవరి మెడ ఎవరికీ ఆజ్ఞ కాదు. మూతలక్క పాడుతుంది. మూత మూడుసార్లు తీసి పెడితే చాలని తేల్చారు, ఆవిడ వేళ్ళ వాపు తగ్గింది. నూనెడబ్బా ఇప్పటికీ నేను కుడి చెవి గోక్కుంటే ఉలిక్కిపడుతున్నాడు.

నిన్న మాత్రం యజమాని మెడ పట్టేసిందని తన అద్దాల గదిలో కూర్చుని అటూ ఇటూ తిప్పుకున్నాడు. మిషన్లు నడుస్తున్నాయి. అరవైమందీ మూతలు తీశారు. పాపం, ఆయనకింకా తెలీదు. మేం చెప్పలేదు.

నువ్వడిగింది. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చో. పాదాలు నేలకి ఆనించు. భుజాలు వదిలెయ్. ఊపిరి తీసుకోవడం మీద ఎక్కువ ధ్యాస పెట్టకు, నీకది అలవాటే, వాదించేముందు రోజూ తీసుకుంటావు. వదలడమే కష్టం. మెల్లగా వదులుతూ గడ్డం దించు. నొప్పి దగ్గర ఆగు, ఇంకా ముందే ఆగినా తప్పులేదు. ఐదుసార్లు చాలు. ఆరోసారి చేసి నువ్వే గెలిచావనుకోకు. కళ్ళు తెరిచే ఉంచు, ఎదురుగా ఎవరున్నారో కనపడాలి.

నాలుగు వేళ్ళు మూడైన రోజు ఒక కార్డు ముక్క రాసి పడెయ్. అది చదివి ఇక్కడ స్టూలు మీద నేనొకసారి తల దించుతాను. డబ్బాలు కదులుతాయి.

మీ మామయ్య